మెడ పూస జారి 28 గంటలైంది, ఆపరేషన్ రేపంటున్రు. ఆలస్యమైనట్టేనా?

డిండి_వాగు | సోమవారం రాత్రి 8.35

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది దేవరకొండ దిక్కు పల్లె. మా తమ్మునికి 23 ఏండ్లు. నిన్న ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు దోస్తులతోని యవసాయ బావిల ఈతకు పోయిండు. ఎండలకు నీళ్లు అడుగంటినయ్. పైమెట్టు మీదికెళ్లి తలకిందులు దుంకిండు. తేలిండు గని చేతులు కొట్టలే. దోస్తులు రెక్కలు పట్టి గడ్డకు గుంజిన్రు. "నా కాళ్లు ఏడున్నయిరా" అని అడిగిండంట.

ఆటోల దేవరకొండ, ఆడికెళ్లి అంబులెన్సుల నల్లగొండ. సీటీ తీసి "మెడపూస జారింది, హైదరాబాద్ తీస్కపోండి" అని రాసిచ్చిన్రు. పట్నంల మొదలు పోయిన దవాఖానల ఐసీయూ బెడ్డు లేదన్నరు. రెండోదాంట్ల చేరేసరికి రాత్రి రెండున్నర. పొద్దుగాల ఎమ్మారై అయ్యింది. మెడల ఐదో పూస (సీ5) ఆరోదాని (సీ6) మీదికి జారిందంట, నరం నలిగిందంట. పదకొండింటికి తలకు రెండు దిక్కుల పటకారు లెక్క బిగించి, తాడుకు బరువులు ఏలాడదీసిన్రు.

భుజాలు లేపుతుండు, మోచేతులు మడుస్తుండు. వేళ్లు కదుల్తలెవ్వు, కాళ్లు అసలే లేదు. పాదం ముట్టుకుంటె "ఏదో తాకినట్టుంది" అంటడు. బీపీ తక్కువున్నది, అది నిలబడ్డంక రేపు పొద్దుగాల ఆపరేషన్ అంటున్రు.

మా మేనమామ ఫోన్ల ఏదో చదివి, "24 గంటల్ల చేస్తెనే పని. దాటినంక చేసినా ఒకటే, చేయకున్నా ఒకటే" అంటుండు. ఇంకొకాయన పుత్తూరు కట్టు కట్టిద్దామంటుండు. అమ్మ నిన్నటిసంది మెతుకు ముట్టలే. తెలిసినోళ్లు జెర చెప్పుండ్రి.

పాలమూరు_సిస్టరు | రాత్రి 8.52

తమ్మీ, మొదలు ఒక్క మాట. పిల్లగాన్ని ఆ బెడ్డు మీదికెళ్లి ఏడికీ తీస్కపోకుండ్రి. చెయ్యి విరిగితె, కాలు విరిగితె కట్టుకు పోయేటోళ్లు పోతరు. మెడల నరం నలిగిన మనిషిని బండెక్కిస్తే ఒక్క గుంత చాలు, మిగిలింది గూడ పోతది.

నేను పదకొండేండ్లసంది న్యూరో ఐసీయూల చేస్తున్న. నువ్వు రాసిందాంట్ల నాకు రెండు మంచి మాటలు కనబడ్డయ్. ముట్టుకుంటె తెలుస్తున్నది, అదొకటి. తలకు బరువులు పెట్టిన్రు, అది రెండోది. దాన్ని ట్రాక్షన్ అంటరు. మీ మేనమామ కత్తి పెట్టిన టైమే లెక్కవెడుతుండు. జారిన పూస ఆ బరువులకు తిరిగి వరుసకొస్తే నరం మీది ఒత్తిడి శానా మట్టుకు అప్పుడే దిగినట్టు. ఇప్పుడే పొయ్యి డ్యూటీ డాక్టర్‌ను అడుగు: "బరువులు పెట్టినంక ఎక్స్‌రేల పూస వరుసకొచ్చిందా, ఎన్నింటికి వచ్చింది?" అని.

ఊపిరి తీస్తుంటె పొట్ట లేస్తున్నదా, ఛాతి లేస్తున్నదా? అది గూడ చూసి రా.

డిండి_వాగు | రాత్రి 9.20

అడిగిన అక్కా. కొంచెం కొంచెం బరువు పెంచుకుంట పోతే మధ్యాహ్నం రెండింటికి వరుసకొచ్చిందంట. మాకెవ్వరు చెప్పలే. ఊపిరికి పొట్టనే లేస్తున్నది, ఛాతి అంతగనం లేస్తలేదు. మూతికి ఆక్సిజన్ పెట్టిన్రు.

పాలమూరు_సిస్టరు | రాత్రి 9.27

రెండింటికంటే దెబ్బ తగిలినంక ఇరవై రెండు గంటల లోపలనే. గీ మాట మీ మేనమామకు చెప్పు.

పొట్ట లేసుడంటే డయాఫ్రం, అంటే ఛాతికి పొట్టకు నడుమ ఊపిరి తీసే కండరం, పనిచేస్తున్నట్టు. దానికి పోయే నరాలు సీ3, సీ4, సీ5 కాడ మొదలైతయ్, దెబ్బ దానికింద తగిలింది. ఛాతి కండరాలయి ఇంకా కిందికెళ్లి వస్తయ్, అందుకే అవి మూగవడ్డయ్. రెండు మూడు రోజులు వాపు పైకెక్కుతదేమో అని చూస్తరు. దగ్గు గట్టిగ రాదు, కఫం నిలుస్తది. ఊపిరి అలిసిపోతే వెంటిలేటర్ అంటరు. ఆ మాటినంగనే "అయిపాయె" అని ఏడ్వకుండ్రి. పెట్టి తీసినోళ్లను నేను శానామందిని చూసిన.

సూర్యాపేట_కాక | రాత్రి 9.41

చేదు మాట చెప్త, ఏమనుకోకు బిడ్డా. మా బామ్మర్ది ఆరేండ్ల కింద చౌటుప్పల్ కాడ బైకు మీదికెళ్లి పడ్డడు. హైవే మీదనే కాబట్టి రెండు గంటల్ల పట్నంల ఉన్నడు. పన్నెండు గంటల్ల ఆపరేషన్ అయిపోయింది. ప్లేటు, స్క్రూలు అన్ని ఏసిన్రు. ఇయ్యాల్టికి మంచంలనే ఉన్నడు. రెండెకరాలు అమ్మినం. ఈ గంటల లెక్క మనల్ని ఉరికించనీకి పెట్టిందే. "సంతకం పెట్టు, టైము పోతున్నది" అంటే ఎవడు ఆలోచిస్తడు, ఎవడు బేరమాడుతడు?

నిర్వాహకుడు | రాత్రి 9.58

కాకా, మీరు రాసిన దవాఖాన పేరు తీసేసిన. ఇక్కడ మంచికైనా చెడ్డకైనా పేర్లు వద్దు. డిండి_వాగు, మీరు గూడ రిపోర్టు ఫొటోలు పెట్టేటప్పుడు పేరు, దవాఖానల చేరినప్పుడిచ్చే ఐపీ నంబరు కనబడకుండ చూడుండ్రి.

ఆర్థో_పీజీ | రాత్రి 10.15

కాకా, మీ ఇంట్లో జరిగింది చిన్న సంగతి కాదు. అయినా గంటల లెక్క ఆసుపత్రులు కల్పించింది కాదు. వివరంగా రాస్తాను, పొడుగైతే క్షమించండి. ఫిల్ములు చూడకుండా చెబుతున్న మాటలివి, అక్కడి డాక్టర్ మాటే ఆఖరు.

మెడ విరిగినప్పుడు వెన్నుపాము తెగిపోవడం చాలా తక్కువ. నలుగుతుంది. నలిగినచోట వాస్తుంది, చిన్న చిన్న రక్తనాళాలు మూసుకుపోతాయి, పక్కన బాగున్న భాగానికి కూడా రక్తం అందదు. చుట్టూ ఎముక గొట్టం, వాచడానికి చోటు లేదు. మొదటి దెబ్బ బావిలో పడింది, రెండో దెబ్బ గంట గంటకూ పడుతూ ఉంటుంది. ఒత్తిడి ఎంత తొందరగా తీస్తే ఆ రెండో దెబ్బ అంత తగ్గుతుందన్నది ఆలోచన.

దీన్ని మనుషుల మీద చూసిన పెద్ద అధ్యయనం 2012లో వచ్చింది. ఉత్తర అమెరికాలో 6 కేంద్రాలు, మెడ దగ్గర దెబ్బ తగిలిన 313 మంది. వాళ్లలో 222 మందిని 6 నెలల తర్వాత పరీక్షించారు. దెబ్బ తీవ్రతను ఆసియా స్కేలు (ఖండం కాదు, అమెరికా వెన్నుపాము దెబ్బల సంఘం పేరుకు పొట్టి రూపం) మీద ఏ నుంచి ఈ దాకా గ్రేడులు వేస్తారు. ఏ అంటే దెబ్బ కింద కదలిక, స్పర్శ ఏమీ లేనట్టు. ఈ అంటే మామూలు మనిషి. 24 గంటల్లోపు చేసినవాళ్లలో రెండు గ్రేడులు ఎక్కినవాళ్లు 19.8 శాతం. తర్వాత చేసినవాళ్లలో 8.8 శాతం.

ఈ అంకెను కాకా వైపు నుంచి కూడా చదవండి. తొందరగా చేసినా నూటికి ఎనభై మంది రెండు మెట్లు ఎక్కలేదు. మీ బామ్మర్ది ఆ ఎనభైలో ఉండి ఉంటాడు. ఆపరేషన్ పనికిరాలేదని దానర్థం కాదు, పనిచేసిందనీ కాదు. ఒక్క మనిషిని చూసి ఆ మాట తేల్చలేం.

2021లో నాలుగు అధ్యయనాల్లోని 1,548 మంది వివరాలు కలిపి చూశారు. 24 గంటల్లోపు చేయించుకున్నవాళ్లకు ఏడాది తర్వాత కండరాల బలంలో 100కి సుమారు 4 మార్కులు ఎక్కువ వచ్చాయి. "నాలుగేనా" అనుకుంటాం. ఒక్కో ముఖ్యమైన కండరానికి 5 మార్కులు. మెడ దెబ్బలో ఆ నాలుగు మార్కులు మణికట్టులో పడితే, తన ముద్ద తను నోట్లో పెట్టుకునే మనిషికీ, ఇంకొకరు పెట్టాల్సిన మనిషికీ ఉన్న తేడా అది.

డిండి_వాగు | రాత్రి 10.31

సార్, గదే అధ్యయనంల 36 గంటలు దాటితే లాభం లేదని ఉన్నదంట గద? మావోనికి రేపు పొద్దుగాలకు 42 అయితయ్.

ఆర్థో_పీజీ | రాత్రి 10.50

అట్లా లేదు. మొదటి 24 నుంచి 36 గంటల దాకా, ఆలస్యమయ్యే కొద్దీ కోలుకోవడం నిట్రంగా పడిపోతుంది. 36 దాటాక ఆ గీత చదునవుతుంది. అంటే 40కి చేసినా 60కి చేసినా సగటున పెద్ద తేడా కనబడలేదని. "దాటితే చేయొద్దు" అని ఎవరూ అనలేదు. పూస ఊగుతూ ఉంటే కూర్చోబెట్టలేరు, పక్కకు తిప్పడానికే భయపడాలి. దాన్ని బిగించడానికైనా ఆపరేషన్ కావాలి. పైగా సిస్టర్ చెప్పినట్టు మీ తమ్ముడికి ట్రాక్షన్‌తో పూస ముందే వరుసకు వచ్చింది. ఎమ్మారైలో డిస్కు ముక్క గానీ రక్తపు గడ్డ గానీ ఇంకా నొక్కుతోందా అన్నది మాత్రం అడగండి.

బీపీ కోసం ఆగడం సాకు కాదు. మెడ దగ్గర దెబ్బ తగిలితే రక్తనాళాలను బిగించి ఉంచే సంకేతాలు ఆగిపోతాయి. బీపీ పడుతుంది, నాడి కూడా నెమ్మదిస్తుంది. ఆ స్థితిలో మత్తు ఇస్తే బీపీ ఇంకా జారి, నలిగిన వెన్నుపాముకు అందే కాస్త రక్తం కూడా తగ్గుతుంది. అందుకే సగటు బీపీని 85 నుంచి 90 మధ్య వారం దాకా నిలబెట్టడం చాలా ఏళ్లుగా అలవాటు. 2024లో వచ్చిన మార్గదర్శకాలు కింది హద్దును కొంచెం సడలించి 75–80 దగ్గర పెట్టాయి. మానిటర్ మీద బ్రాకెట్లో చిన్నగా కనబడే అంకె అదే.

సూర్యాపేట_కాక | రాత్రి 11.02

చీట్లేసి సగం మందికి తొందరగ, సగం మందికి ఆలస్యంగ చేసి చూసిన్రా? లేకపోతే ముందుగాల వచ్చినోళ్లే గట్టి మనుషులేమో. మంచి రోడ్డు, మంచి కారు, పైసలు ఉన్నోడు ముందు చేరుతడు. వాడే ముందు లేస్తడు.

ఆర్థో_పీజీ | రాత్రి 11.10

మంచి ప్రశ్న. చీట్లు వేయలేదు. ఇంత పెద్ద దెబ్బలో "నువ్వు ఆగు" అని చీటీ చూపించి చెప్పడం కష్టం కాబట్టి, జరిగినవాటినే పోల్చి చూశారు. మీరన్న తేడాలను లెక్కల్లో సరిచేసే ప్రయత్నం చేశారు, పూర్తిగా సరిచేయడం ఎవరి తరమూ కాదు. యూరప్‌లో 12 గంటల హద్దు పెట్టుకుని చూసిన ఇంకో అధ్యయనంలో ఖచ్చితమైన తేడా తేలలేదు కూడా. అన్నీ కలిపి చూసి 2024 మార్గదర్శకాలు 24 గంటల్లోపు ఆపరేషన్‌కే గట్టిగా మొగ్గాయి. నేనూ అటే. మా ఇంట్లో వాళ్లకైతే 24 గంటల్లోపే చేయమని అడుగుతాను, మనిషి తట్టుకునే స్థితిలో ఉంటే.

108_రోడ్డు_మీద | రాత్రి 11.34

డాక్టర్లు గంటల గురించి మాట్లాడుతున్రు, ఆ గంటలు ఏడ పోతున్నయో నేను చెప్త. జడ్చర్ల, నార్కట్‌పల్లి రెండు దిక్కుల చేసిన.

దేవరకొండకెళ్లి పట్నం నూరు కిలోమీటర్ల పైచిలుకు. సీదా పోతే రెండున్నర, మూడు గంటలు. ఈ పిల్లగానికి పది గంటలు పట్టింది. రోడ్డు తిన్నది మూడు గంటలైతే, చీటీలు తిన్నయి ఏడు గంటలు. ఒక్కో దవాఖానల దింపుడు, రాసుకునుడు, సీటీ, మళ్ల రిఫర్, మళ్ల బండి కోసం ఆగుడు. పట్నంల బెడ్డు లేదనుడు అన్నిటికన్న అన్యాలం. బండి కదలకముందే ఫోన్ కొట్టి, "మెడ దెబ్బ, కాళ్లు చేతులు పడిపోయినయ్, ఐసీయూ బెడ్డు, ఎమ్మారై, వెన్నుపూస సర్జన్ ఉన్నరా" అని అడిగి ఉన్నకాడికే పోవాలె. ఆ ఒక్క ఫోను రెండు గంటలు మిగిలిస్తది.

ఇగ బావి సంగతి. ఎండకాలం వస్తే మాకు గీ కేసులు తప్పయ్. దుంకినోడు చేతులు కొట్టకపోతే రెక్కలు పట్టి గుంజొద్దు. నీళ్లల్లనే ఎల్లెలుకల తేల్చి, తల, మెడ, పెయ్యి ఒక్క గీతల ఉంచి పట్టుకోవాలె. నీళ్లే మోస్తయ్. కిందికెళ్లి తలుపు చెక్కనో వెడల్పు పలకనో జొప్పించి అట్లనే పైకి తేవాలె. నులకమంచం వద్దు, నడుమ కుంగుతది. ఒకడు తల ఒక్కటే పట్టాలె, లేపుడు దించుడు వాడే చెప్పాలె. తలకు రెండు దిక్కుల తువ్వాలలు సుట్టి పెట్టాలె. నీళ్లు తాగిపియ్యొద్దు, కూసోబెట్టి వీపు రాయొద్దు. ఆటోల తీస్కపోవద్దు, 108కు ఫోన్ చెయ్యాలె. కాలర్, స్పైన్ బోర్డు మా బండిల ఉంటయ్.

దోస్తులను తిట్టకు తమ్మీ. వాళ్లు గుంజకపోతే మునిగి సచ్చేటోడు.

తాడు_మోకు | మంగళవారం పొద్దున 6.10

రాత్రంత చదివిన, ఇప్పుడు రాస్తున్న. ఫోన్ల మాట్లాడితే అదే టైపు చేస్తది, తప్పులుంటె మన్నించుండ్రి.

నేను గీత కార్మికున్ని. మునుగోడు దిక్కు. 2017ల మోకు జారి తాటిచెట్టు మీదికెళ్లి పడ్డ. సీ6 కాడ. నాకు ఆపరేషన్ ఐదో రోజు అయ్యింది. ఎందుకు లేటయ్యిందంటే ఒకటి కాదు, బెడ్డు దొరకలే, పైసలు దొరకలే, అన్న దుబాయిల ఉండె. నాది ఏ గ్రేడు. అడుగున ఏం తెలుస్తలేకుండె.

నేను నడవలే. ఒకటో రోజు చేస్తే నడుద్దునా అని మూడేండ్లు అదే కొట్టుకున్న. ఇప్పుడు అడుగుతలేను. ఆ ఆపరేషన్‌తోని నాకు దొరికింది వేరే. ప్లేటు ఏసినంక వారానికి నన్ను కూసోబెట్టిన్రు. నా పక్క బెడ్డాయన ఆపరేషన్ వద్దన్నడు, తలకు బరువులతోని వారాల తరబడి ఎల్లెలుకల పండుకున్నడు. నడుము కింద పుండ్లు పడి, నిమ్ము చేసి పోయిండు. నేను కుర్చీల ఉన్న. మణికట్టు పైకి లేపితే వేళ్లు వాటంతట అవే ముడుసుకుంటయ్, దాంతోని గిలాస పడ్త, చెంచా పడ్త. చిన్న కిరాణ దుకాణం చూసుకుంట.

సూర్యాపేట కాకా, మీ బామ్మర్ది ఇంకా మంచంలనే ఎందుకున్నడు? కుర్చీ లేదా? ఆపరేషన్ అయినోన్ని ఆరేండ్లు మంచంల ఉంచుడేంది? అది ఆపరేషన్ తప్పు కాదు.

సూర్యాపేట_కాక | పొద్దున 7.25

కుర్చీ తెచ్చినం. ఎక్కిస్తే కండ్లు తిరిగి పడిపోయిండు. మళ్ల ఎక్కియ్యలే.

పాలమూరు_సిస్టరు | పొద్దున 7.40

కాకా, ఎక్కువ రోజులు పండుకున్నోళ్లను ఒక్కపారి లేపితే బీపీ పడిపోతది, అందరికి ఐతది. పొట్టకు బెల్టు కట్టి, కాళ్లకు బిగుతు మేజోళ్లు తొడిగి, తలాపున కొంచెం కొంచెం ఎత్తు పెంచుకుంట పోవాలె. ఫిజియోను ఇంటికి పిలువుండ్రి. ఆరేండ్లయినా చేయొచ్చు.

మందుల_దుకాణం | పొద్దున 8.05

ఒక ముఖ్యమైన సంగతి ఎవరూ అడగలేదు. 8 గంటల్లోపు స్టెరాయిడ్ ఇంజెక్షన్ పెద్ద డోసు ఇవ్వాలి కదా. ఇచ్చారా లేదా? ఇవ్వకపోతే వాళ్లది నిర్లక్ష్యం.

ఆర్థో_పీజీ | పొద్దున 8.20

మిథైల్ ప్రెడ్నిసొలోన్ గురించి. 1990లో వచ్చిన అమెరికా అధ్యయనం తర్వాత అందరికీ ఇచ్చేవాళ్లు. తర్వాత ఆ అంకెల మీద చాలా గొడవ నడిచింది. లాభం కొంచెమే. నిమ్ము, ఇన్ఫెక్షన్లు, కడుపులో రక్తస్రావం ఎక్కువ. 2013లో అమెరికా న్యూరోసర్జన్ల మార్గదర్శకాలు వద్దనే చెప్పాయి. 8 గంటల్లోపు వచ్చినవాళ్లకు ఒక రోజు ఇవ్వొచ్చని 2017లో ఇంకో బృందం అన్నది. ఇస్తే తప్పు కాదు, ఇవ్వకపోతే నిర్లక్ష్యమూ కాదు. ఆపరేషన్ రోజు పొద్దున ఆ అన్నదమ్ములకు కొత్త అనుమానం పెట్టకండి.

డిండి_వాగు | మంగళవారం మధ్యాహ్నం 3.15

పదిన్నరకు లోపలికి తీస్కపోయిన్రు, రెండింటికి అయిపోయింది. మెడ ముందల నుంచి చేసిన్రు. డిస్కు తీసి, నడుము ఎముక ముక్క పెట్టి ప్లేటేసిన్రంట. డిస్కు ముక్క ఒకటి ఎనకకు పోయి నొక్కుతుండెనంట, అది తీసేసిన్రు. ఊపిరి గొట్టం ఇంకా తియ్యలే, రేపు చూస్తమన్నరు. మేనమామ సంతకం పెట్టిండు. ఆయనే పెట్టిండు.

పైసలకు ఏం చేయాల్నో చెప్పుండ్రి. రేషన్ కార్డు ఉన్నది.

ఎర్ర_నేల | సాయంత్రం 4.02

కార్డు ఉంటె ఆరోగ్యశ్రీ కౌంటరు కాడికి పో, ఆరోగ్యమిత్ర అని కూసుంటరు. ఈ పథకం 2007ల మొదలైందే మన మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలల్ల. 2023 డిసెంబర్ల మన దగ్గర కుటుంబానికి హద్దు 5 లక్షలకెళ్లి 10 లక్షలకు పెంచిన్రు. ఆ దవాఖానల వెన్నుపూస ఆపరేషన్‌కు ఒప్పుకుంటున్రా అడగాలె, అన్నిట్ల అన్ని ఉండయ్. ఎవరో ఒకరు నీకు కేంద్రం లక్షన్నర నగదు రహిత పథకం చెప్తరు. 2025ల వచ్చింది, 7 రోజుల దాకా. అది రోడ్డు మీద బండి ప్రమాదాలకే, బావికి రాదు. దానెనక తిరిగి టైము పోగొట్టుకోకు.

మర్రిగూడ_బిడ్డ | రాత్రి 9.12

నడుమ వచ్చి అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా నాన్నకు 64. గడప తట్టుకుని బోర్లా పడ్డాడు, గదువకు దెబ్బ తగిలింది. నడుస్తున్నాడు, తూలుతున్నాడు. కానీ చేతులు రెండూ మంటలు, గుండీ పెట్టుకోలేడు. మూడు రోజులైంది. ఎముక ఏం విరగలేదన్నారు, మెడలో వెన్నుపాము పోయే ఎముక గొట్టం ఇరుకు అన్నారు. కొన్ని రోజులు చూసి ఆపరేషన్ ఆలోచిద్దాం అంటున్నారు. ఇది చదివాక భయమేసింది. 24 గంటలు ఎప్పుడో దాటాయి కదా?

ఆర్థో_పీజీ | రాత్రి 9.40

మీ నాన్నగారిది వేరే లెక్క. కాళ్ల కంటే చేతులు ఎక్కువ దెబ్బతినడం, ముందే ఇరుకుగా ఉన్న మెడ ఒక్కసారి వెనక్కి వంగడం. ఇది వెన్నుపాము నడిమధ్యన తగిలే దెబ్బ. పూస జారలేదు. ఇట్లాంటివాళ్లలో చాలామంది ఆపరేషన్ లేకుండానే కొంత కోలుకుంటారు, ముందు కాళ్లు, ఆఖరున వేళ్లు. జపాన్‌లో ఎముక విరగని ఇట్లాంటి రోగులకు నిజంగానే చీట్లు వేసి చూశారు (కాకా అడిగిన పద్ధతే), సగం మందికి 24 గంటల్లో, సగం మందికి రెండు వారాల తర్వాత. 2021లో అచ్చయింది. ఏడాదికి రెండు గుంపుల మధ్య గట్టి తేడా తేలలేదు, తొందరగా చేసినవాళ్లు త్వరగా తేరుకున్నారు అంతే. చిన్న అధ్యయనం. కాబట్టి ఆగుదామన్న డాక్టర్ తప్పు చేయడం లేదు. కానీ బలం రోజురోజుకూ తగ్గినా, మూత్రం ఆగినా, అదే రోజు మళ్లీ చూపించాలి.

మీది మర్రిగూడ కాబట్టి ఒకటి అడుగుతాను. నాన్నగారికి ముందు నుంచే నడుము వంగదా, మెడ తిరగదా? ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్లకు పూసల మధ్య నారలు గట్టిపడి ఎముకవుతాయి, గొట్టం ఇరుకవుతుంది. మన జిల్లాలో ఈ నరాల జబ్బు మీద న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి గారు చాలా రాశారు. అట్లాంటి మెడకు గడప తట్టుకున్న దెబ్బే చెట్టు మీద నుంచి పడ్డంత.

మర్రిగూడ_బిడ్డ | రాత్రి 9.48

అవును సార్. పిలిస్తే మనిషంతా తిరుగుతాడు, తల ఒక్కటి తిప్పడు. మేం వయసనుకున్నాం.

డిండి_వాగు | తొమ్మిదో రోజు, రాత్రి 10.05

ఇన్ని రోజులు రాయలే. గొట్టం మూడో రోజు తీసిన్రు. ఐదో రోజు జ్వరం, నిమ్ము, మళ్ల భయపడ్డం. ఇప్పుడు నయం. నిన్నటిసంది కుడి మణికట్టు పైకి లేస్తున్నది. ఎడమది జెరంత. కాళ్లు లేవు. డాక్టర్ కింద ముట్టి చూసి "బీ" అని రాసిండు.

వాడు రాత్రి అడిగిండు, ఒక్క రోజు ముందు చేస్తే ఎట్లుండు అని. నాకేం చెప్పాల్నో తెల్వలే.

తాడు_మోకు | రాత్రి 10.22

నువ్వేం చెప్పకు. అడగనియ్యి. నా ఫోన్ నంబరు నిర్వాహకునికి ఇస్త, వాన్నే మాట్లాడుమను.

మణికట్టు లేస్తున్నది గద, అదే సగం బతుకు. వేళ్లను మాటిమాటికి సాపగుంజకుండ్రి, జెర ముడుసుకునే ఉండనియ్యాలె. అవి బాగ సాగితే రేపు పట్టు దొరకదు. ఫిజియోకు ఈ మాట చెప్పు, తెలిసినోళ్లకు తెలుస్తది.

డిండి_వాగు | ఇరవై ఆరో రోజు, సాయంత్రం 6.40

ఎల్లుండి ఇంటికి పంపుతున్రు. ఎడమ కాలు బొటనవేలు మొన్న కదిలిందని అమ్మ అంటది, డాక్టర్‌కు చూపిస్తే కదల్లే. నీళ్ల పరుపు తేవాల్నా, గాలి పరుపు తేవాల్నా?

పాలమూరు_సిస్టరు | సాయంత్రం 6.58

మోటరుతోని గాలి మారేది తే. కరెంటు పోతే చప్పబడతది, అది గుర్తుపెట్టుకో. పరుపు ఏదైనా రెండు గంటలకొకసారి పక్కకు తిప్పుడు తప్పదు, రాత్రి గూడ. ఫోన్ల అలారం పెట్టుకుండ్రి, వంతులేసుకోండ్రి. అమ్మనొక్కదాన్నే లేపకుండ్రి.

ఇంకొకటి, కాగితం మీద రాసి గోడకు అంటియ్యి. ఉన్నట్టుండి తలనొప్పి, మొకం ఎర్రబడుడు, చెమటలు వస్తే పండుకోబెట్టొద్దు, కూసోబెట్టి మూత్రం పైపు మడత పడ్డదా, మూసుకపోయిందా చూడాలె. ఛాతి నడుమకు పైన దెబ్బ తగిలినోళ్లకు మూత్రం నిండితే బీపీ ఒక్కసారే పైకి ఎక్కుతది. చుట్టుపక్కల ఆర్‌ఎంపీలు "బీపీ ఎక్కింది, గోలీ ఏసుకో" అంటరు. ముందుగాల పైపు చూడాలె. పైపు బాగనే ఉండి తగ్గకపోతే దవాఖానకు.

సూర్యాపేట_కాక | రాత్రి 8.15

గీ తలనొప్పి మా వానికి నెలకు రెండు సార్లు వస్తది. ఆరేండ్లసంది అమృతాంజనం రాస్తున్నం.

ఫిజియో వస్తుండు ఇప్పుడు. తలాపున మూడు మెత్తల ఎత్తు దాక కూసుంటుండు.

తాడు_మోకు | రాత్రి 8.30

మంచి మాట చెప్పినవ్ కాకా.

డిండి తమ్మీ, పరుపు సంగతి అయ్యింది, తలుపు కొల్చినవా?

డిండి_వాగు | రాత్రి 8.52

తలుపెందుకన్నా?

తాడు_మోకు | రాత్రి 8.57

కుర్చీ 25 అంగుళాలుంటది. చక్రం తిప్పేటప్పుడు చేతులు బయటికొస్తయ్. తలుపు 32 అన్న ఉండాలె. మా ఇంట్ల 27 ఉండె, మొదటి నెలల నా వేళ్ల మీది తోలంత దర్వాజకు రాసుకొని పోయింది. వేళ్లకు తెలుస్తలేదు గద, రక్తం కారి బట్టల మీద పడ్డంక చూసిన.

డిండి_వాగు | రాత్రి 9.30

మేనమామ కొల్చి చెప్పిండు. ముందర దర్వాజ 34. నడిమి అర్రది 26. గడప ఆరంగుళాలున్నది. రేపు మేస్త్రీని పిలుస్తున్నం, గడప తీపిస్తం. అమ్మ గడప తియ్యొద్దంటుండె, ఇప్పుడు ఒప్పుకున్నది.